కుట్టిన పడవ

పడవ పార్సిల్లో వచ్చింది.

ఉగాది వెళ్లిన రెండు వారాలకు, ఎండ నడినెత్తిన ఉండగా, ట్రాన్స్‌పోర్టు ఆటోవాడు రెండు అట్టపెట్టెలు మా వసారాలో దింపి, నా చేత సంతకం పెట్టించుకుని పోయాడు. ఒకటి పొడుగు పెట్టె, ఒకటి పొట్టి పెట్టె. పొడుగుదాని మీద బొమ్మ ఉంది. టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు పడవలో కూర్చుని తెడ్లు వేస్తూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడగానే నాకు ఒళ్లు మండింది.

నేను వడ్రంగిని. పేరు అబ్దుల్ జబ్బార్. ఆరో తరగతి సగంలో బడి మాని మా నాన్న వెనక రంపం పట్టుకున్నాను. నరసరావుపేటలో ముప్పై ఆరేళ్లుగా గుమ్మాలు, తలుపులు, మంచాలు, బీరువాలు చేశాను. కోటప్పకొండ తిరునాళ్లకు పోయే ప్రభల చట్రాలు బిగించాను. ఇప్పుడు అవేవీ నా చేతి మీదుగా జరగనక్కర్లేదు. తలుపు కంపెనీ నుంచి వస్తుంది. వంటింటి అరలు కంపెనీ నుంచి వస్తాయి. స్క్రూలు కూడా లెక్కపెట్టి కవరులో వేసి పంపుతారు. నన్ను పిలిచేది వాటిని గోడకు తగిలించడానికి. మేస్త్రీ అనే పిలుపు పోయి ఫిట్టర్ అనే పిలుపు వచ్చి ఎనిమిదేళ్లయింది. పడవ కూడా పెట్టెలో వచ్చేసరికి, ఇక దేవుడు మనిషిని కూడా పార్సిల్లోనే పంపుతాడేమో అనుకున్నాను.

అసలు ఆ వేసవికి నేను ఇంకో మాట ఇచ్చి ఉన్నాను. గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా, జూన్ ఒకటో తేదీ నుంచి. మెట్ల కింద గది ఇస్తారు, కరెంటు వాళ్లదే. ఒక్కటే షరతు, భార్యాభర్తలిద్దరూ రావాలి. మొగుడు గేటు దగ్గర కూర్చోవాలి, పెళ్లాం మెట్లు ఊడ్చి ఫ్లాట్లలో అంట్లు తోమాలి. సెక్రటరీకి ఫోనులో సరేనన్నాను. మా ఆవిడ ఫిర్దౌస్‌ను అడగలేదు, చెప్పాను.

ఫిర్దౌస్ జాకెట్లు కుడుతుంది. ఇరవై నాలుగేళ్లుగా మా ముందుగదిలో ఆమె మిషన్ నడుస్తూనే ఉంది. నాకు అది ఫ్యాను చప్పుడు లాంటిది, ఆగితే తప్ప తెలిసేది కాదు. వాచ్‌మన్ సంగతి చెప్పిన రోజు అది ఆగింది.

"నా మిషను ఆ మెట్ల కింద పట్టుద్దా?" అని అడిగింది.

పట్టదన్నాను. ఆమె మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. మా కూతురు ఫాయిజా మాచర్లలో కాపురం చేసుకుంటోంది. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే, ఎవరికి చెప్పుకుంటుంది?

పడవ తెప్పించింది వేణుమాధవ్. బట్టల కొట్టు శ్రీనివాసరావు గారి రెండో కొడుకు. బెల్లంకొండ అవతల కృష్ణ మీద కట్టిన పులిచింతల రిజర్వాయరు ఒడ్డున వాళ్లకు తోట ఉంది. ఆదివారాలు జనాన్ని అక్కడికి రప్పించి చిన్న చిన్న పడవల్లో తిప్పాలని కుర్రవాడి ఆశ. తండ్రికి నమ్మకం లేదు. ఒకటి కట్టించి చూపించు, ఇద్దరు ఎక్కితే తిన్నగా పోవాలి, అట్లా పోతే ఇంకో ఐదు తెప్పించుకో, వంకర పోతే మాత్రం ఈ మాట నా దగ్గర మళ్లీ ఎత్తొద్దు అన్నాడట. గడువు మే నెలాఖరు. ఆరు పడవలంటే నాకు ఏడాది పని. అది దొరికితే గుంటూరు పోనక్కర్లేదు. ఆ సంగతి నేను ఫిర్దౌస్‌కు చెప్పాను. ఆమె తల ఊపింది, అంతే. కానీ ఆ రోజు నుంచి వసారాలోకి వచ్చిపోవడం ఎక్కువైంది.

పెట్టె విప్పి చూస్తే లోపల ఉన్నది చెక్క కాదు, ప్లైవుడ్. చిటికెన వేలిలో సగం మందం లేదు. మిషన్ మీద కోసిన పలకలు, ఒంపులు ఒంపులుగా. అంచుల వెంట నాలుగు వేళ్లకొకటి చొప్పున చిల్లులు. పొట్టి పెట్టెలో రాగి తీగ ముక్కలు, రెండు జిగురు డబ్బాలు, గాజు నారతో నేసిన తెల్లటి గుడ్డ చుట్ట, ఒక పుస్తకం. మేకు ఒక్కటి లేదు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. బొమ్మలున్నాయి గాని నేను తెరవలేదు. తెరిస్తే నాకు చదవడం రాదని నాకు నేనే చెప్పుకున్నట్టు ఉంటుంది. దాన్ని కిటికీలో పడేశాను.

మెడలో టేపు వేసుకుని ఫిర్దౌస్ వచ్చింది. ఒక పలక ఎత్తి పట్టుకుని అంచు వెంట వేలు పోనిచ్చింది. "కుట్టటానికి చిల్లులు గూడా వాళ్లే పెట్టి పంపారే" అంది. పడవను కుట్టడమేంది, నీ పని చూసుకో పో అన్నాను.

మొదటి వారం బాగానే గడిచింది. పన్నెండడుగుల పలకలు పెట్టెలో పట్టవు కాబట్టి ఒక్కోదాన్ని రెండు ముక్కలుగా పంపారు. ఆ ముక్కల కొసలు దువ్వెన పళ్లలాగా ఒకదాంట్లో ఒకటి దూరతాయి. జిగురు పెట్టి అతికించాను. నాలుగు పొడుగు పలకలు తయారయ్యాయి, అడుక్కి రెండు, పక్కలకు రెండు. ఎవరు చూసినా అతుకు కనపడదు. అది నా చెయ్యి.

తర్వాత తీగలు. వడ్రంగికి ఒక అలవాటు ఉంటుంది. గుమ్మం బిగించేటప్పుడు ఒక మూల నుంచి మొదలుపెడతాం. అది కదలకుండా బిగించి, అక్కడి నుంచి రెండో మూలకు పోతాం. బిగించింది మళ్లీ ముట్టుకోం. నేను పడవకూ అదే చేశాను. ముందు కొస నుంచి మొదలుపెట్టి ఒక్కో చిల్లులో తీగ దూర్చి, పటకారుతో మెలిపెట్టి, కిర్రుమనేదాకా బిగించుకుంటూ వెనక్కి వచ్చాను. మూడు రోజులు పట్టింది. నూట అరవై చిల్లర కుట్లు. వేళ్లు బొబ్బలెక్కాయి. వెనక కొసకు వచ్చేసరికి ఎడమ పక్క పలక కుడి పలక కంటే రెండు వేళ్లు బయటికి వచ్చి నిలబడింది.

మిషన్ తప్పు కోసిందనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. కంపెనీవాడి మిషన్‌కు కూడా తప్పులు పడతాయి, వాటిని సరిచేయడానికి నాలాంటివాడు కావాలి అనుకుంటూ రంపం తీసి ఆ రెండు వేళ్ల ముక్క కోయడం మొదలుపెట్టాను.

"కొయ్యమాక" అంది ఫిర్దౌస్. ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

నేను ఆగలేదు. ముక్క తెగి కింద పడింది.

"మిగిలిందని కోస్తే ఆ జాకెట్టు జన్మలో కూచోదు. కుట్టు ఇప్పుకోవాల" అంది.

"గుడ్డపేలికలు కుట్టే చేత్తో నాకు కొయ్య సంగతి చెప్తన్నావా?"

"కొయ్య సంగతి గాదు. కుట్టు సంగతి."

నాకు నోటికి ఏది వస్తే అది అన్నాను. నా పని పోయింది నీ కంటికి కూడా కనపడుతోంది కాబట్టే ఇంత మాట వచ్చిందన్నాను. ఇక్కడ రాయదగని మాటలు కూడా అన్నాను. ఆమె నా మాటలు పూర్తయ్యేదాకా నిలబడింది. తర్వాత లోపలికి పోయింది. నేను మూలనున్న రసమట్టం తెచ్చి పడవ ముందు కొస మీద పెట్టాను, బుడగ మధ్యలో ఉంది. వెనక కొస మీద పెట్టాను. బుడగ ఒక చివరికి పారిపోయింది. పిండిన తడిగుడ్డలాగా పడవ మెలి తిరిగి ఉంది. మెలి తిరిగిన పడవ తిన్నగా పోదని చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేదు.

పొద్దుటి పూటే పోయి టీకొట్టు దగ్గర కూర్చున్నాను. రెండు టీలు తాగి, అపార్ట్‌మెంట్ సెక్రటరీకి నేనే ఫోన్ చేశాను. ఒకటో తేదీ తప్పకుండా వస్తున్నామని చెప్పాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. మీ ఆవిడ పని నీటుగా చేస్తుందా అని అడిగాడు.

"చానా నీటుగా చేస్తదండీ" అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ మాట నాకే వినిపించింది. ఇరవై నాలుగేళ్లలో ఆమె పని బాగుంటుందని నేను ఒక మనిషితో అనడం అదే మొదటిసారి. అదీ అంట్ల గురించి.

మూడు గంటలకు ఇంటికి వచ్చాను. వసారాలో పడవ లేదు. నాలుగు పలకలూ విడివిడిగా నేల మీద పరిచి ఉన్నాయి. పక్కన పాత చీర ముక్క మీద రాగి తీగలు, ఒక్కోటీ సాపు చేసి, సూదుల్లాగా వరసగా పేర్చి ఉన్నాయి. ఫిర్దౌస్ గోడకు ఆనుకుని కూర్చుని చివరి నాలుగైదు తీగల్ని రోకలితో నిమురుతోంది. ఆ పూట మా పక్కింటి జైనాబ్ బీ మనవరాలి పెళ్లి జాకెట్లు కుట్టి ఇవ్వాల్సి ఉంది. ఆ గుడ్డలు మిషన్ మీద అట్లాగే ఉన్నాయి.

నా వంక చూడలేదు. నేను చెప్పులు విడిచి, కోసిన పలక దగ్గర కూర్చున్నాను. రెండు వేళ్లు కురచ. దాన్ని అతికించలేను. అతికిస్తే ఆ చోట నీళ్లు తాగుతుంది.

"ఒక చెయ్యి కురచ కోస్తే ఏం చేస్తావు నువ్వు?" అని అడిగాను.

"రెండోది గూడా కురచ చేస్తా. పొట్టి చేతుల జాకెట్టయిద్ది. వంకర జాకెట్టు మాత్రం గాదు."

నేను చిత్రిక తీసుకున్నాను. మిగతా మూడు పలకలూ వరసగా పెట్టుకున్నాను.

"ఎంత తియ్యమంటావు?" అన్నాను.

మా నాన్న పోయాక కొలత కోసం నేను ఎవరినీ అడిగింది లేదు. ఆమె మెడలో టేపు తీసి, కురచైన పలక మీద పెట్టి, సుద్దముక్కతో మూడింటి మీదా గీతలు గీసింది. నేను గీత వరకు కోసి, చిత్రిక పట్టి, అంచులు కలిపి చూపించాను. నాలుగింటి మీదా గోరు పోనిచ్చింది. ఎక్కడా ఆగలేదు. "ఇట్టా నా వల్ల గాదు" అంది. అంత మంచి మాట నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె మాత్రం లెక్క చూసుకోకుండా చెప్పేసింది.

మర్నాడు కుట్టింది ఆమె. నేను పట్టుకున్నాను.

రెండు గుడ్డలు కలిపి కుట్టేటప్పుడు పైగుడ్డ తెలియకుండా ముందుకు జరుగుతుందట. ఒక కొస నుంచి మొదలుపెడితే జరిగిందంతా చివరికి వచ్చి మిగులుతుంది. తెలియనివాళ్లు దాన్ని కోసేస్తారు. అందుకని మధ్యలో పట్టుకుని, ఒక కుట్టు ఇటు, ఒక కుట్టు అటు వేసుకుంటూ కొసలకు పోవాలి. అదీ కచ్చా కుట్టే. మనిషి తొడుక్కుని చూశాకే గట్టి కుట్టు. ఇదంతా ఆమె పాఠంలాగా చెప్పలేదు. చేస్తూ మధ్యమధ్య ఒక మాట అంది, నేను ఏరుకున్నాను.

తీగ దూర్చి ఒక్క మెలి మాత్రం వేసేది. వేలు దూరేంత వదులు. సాయంత్రానికి పడవ ఆకారం వచ్చింది గాని ముట్టుకుంటే గడగడలాడుతోంది. ఇంత లూజుగా ఉన్నదాన్ని చూస్తే నా చేతులు దురద పెట్టాయి. రెండుసార్లు పటకారు అందుకున్నాను. రెండుసార్లు ఆమె చెయ్యి చాపి తీసుకుంది.

జైనాబ్ బీ జాకెట్ల కోసం వచ్చింది. వసారాలో దాన్ని చూసి నిలబడిపోయింది.

"ఎవరి జాకెట్టే ఫిర్దౌసూ, ఇంత కొలత?" అంది.

"కృష్ణమ్మది" అంది ఫిర్దౌస్, తల ఎత్తకుండా.

ముసలావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జాకెట్లు కాలేదని చెబితే, పెళ్లికూతురుకు ఎట్లాగూ నిద్రపట్టడం లేదు, నాకూ పట్టకుండా చేస్తున్నావు అని దెప్పి పోయింది.

ఆ తర్వాత జరిగింది నేను ఇంకోసారి చూడాలనుకునేది. ఫిర్దౌస్ పడవ చుట్టూ తిరిగింది. మధ్యలో ఒక తీగకు పావు మెలి, ఎదురు పక్క తీగకు పావు మెలి. మళ్లీ దాని పక్కది. అట్లా ఒక చుట్టు. మళ్లీ ఒక చుట్టు. మూడో చుట్టుకు పలకలు వాటంతట అవే దగ్గరికి వచ్చాయి. గడగడలాట ఆగిపోయింది. ఎక్కడా ఎవరూ తొయ్యలేదు, సుత్తితో కొట్టలేదు. ముందు కొస సన్నబడి పైకి లేచింది, పక్కలు బయటికి విచ్చుకున్నాయి, చదునైన నాలుగు పలకల్లో నుంచి కడుపున్న పడవ ఒకటి లేచి నిలబడింది. చదును గుడ్డను మనిషి ఒంటికి సరిపోయేట్టు చేయడమే ఆమె పని అని, ఇరవై నాలుగేళ్లు పక్కగదిలో ఉండి, నాకు అప్పుడు తెలిసింది.

నేను రసమట్టం పెట్టాను. ముందు కొస. వెనక కొస. రెండు చోట్లా బుడగ నడిమధ్యన కూర్చుంది. ఆమె రసమట్టం వంక చూడలేదు. వెనక నిలబడి, ఒక కన్ను మూసి, గిరాకీ తొడుక్కున్న జాకెట్టు వీపు చూసినట్టు చూసింది. కుడి పక్కన ఒక తీగను వదులు చేసింది. మళ్లీ చూసింది. ఇప్పుడు బాగుంది అంది. అంతకు ముందుకూ ఇప్పటికీ తేడా నాకు కనపడలేదు.

జిగురు దగ్గర నేను మళ్లీ తప్పు చేశాను. డబ్బా మీద బొమ్మలో ఉన్నట్టు రెండు డబ్బాలవీ కలిపి మగ్గు నిండా చేసుకున్నాను. మన మే నెల ఎండ సంగతి బొమ్మ గీసినవాడికి ఏం తెలుసు? పది నిమిషాలు కాకముందే మగ్గు కాలింది, పొగ వచ్చింది, బ్రష్షు అందులోనే నిలబడి రాయి అయిపోయింది. ఇంకో మగ్గు అట్లా పోతే పడవకు జిగురు చాలదు. నేను మెట్టు మీద కూలబడ్డాను. ఫిర్దౌస్ ఆ రాయిని తిప్పి తిప్పి చూసి, వేడికి గోరింటాకు ఎండినట్టు ఇదీ ఎండుతోంది అంది. మర్నాటి నుంచి తెల్లవారుజామున నమాజు కాగానే పని. ఐస్ వేసిన తాంబాళంలో చిన్న గిన్నె, ఆ గిన్నెలో రెండు గరిటెలే. రంపపు పొట్టు సన్నగా జల్లించి కలిపి ముద్ద చేసింది. పాల కవరు కడిగి, మూల కత్తిరించి, పెళ్లికూతుళ్ల చేతులకు మెహందీ పెట్టే కోనులాగా చుట్టి, ఆ ముద్దను అతుకుల వెంట ఒకే లావున గీసుకుంటూ పోయింది. ముందు కొస నుంచి వెనక కొస దాకా చెయ్యి ఎత్తలేదు. నేను వెనకే చెంచా వీపుతో నున్నగా అదుముకుంటూ పోయాను. ఎనిమిదింటికి ఎండ ఎక్కేసరికి పని ఆపేసి ఆమె మిషన్ ఎక్కేది. నేను అరగదీసేవాణ్ని. ముద్ద గట్టిపడ్డాక తీగలు కత్తిరించి, అతుకుల మీద గాజు గుడ్డ పరిచి జిగురు పట్టించాం.

మే మూడో వారంలో వేణుమాధవ్ వచ్చాడు. చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నాడు. కిటికీలో పుస్తకం కనపడితే తీసి, దుమ్ము దులిపి, నిలబడే చదివాడు. మూడో పేజీ దగ్గర ఆగాడు.

"జబ్బారన్నా, కుట్లు మధ్య నుంచి మొదలుపెట్టమని, ముందు వదులుగా వేసి తర్వాత కొద్ది కొద్దిగా బిగించమని ఇందులో లావు అక్షరాలతో రాశారు. అట్టాగే చేశారా? చానామంది ఇక్కడే చెడగొడతారంట."

ఆ లావు అక్షరాలు ఆ వసారాలో, నా నెత్తి మీద కిటికీలో, నెల రోజులుగా ఉన్నాయి.

"మా ఇంట్లో ఆ పుస్తకం చదివేవాళ్లు లేరు బాబూ" అన్నాను. "చదవకుండా చేసేవాళ్లు ఉన్నారు."

అతనికి అర్థం కాలేదు. లోపల మిషన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ నడిచింది.

రోహిణి కార్తె మూడో రోజున పడవను ట్రాలీ ఆటో ఎక్కించి తోటకు తీసుకుపోయాం. పులిచింతల నీళ్లు ఆ ఏడు మేలో కూడా బాగానే ఉన్నాయి. ఒడ్డున గొడుగు పట్టుకుని శ్రీనివాసరావు గారు నిలబడి ఉన్నారు. తెడ్లు వేయడానికి అక్కడి చేపలు పట్టే ఇన్నయ్యను పిలిపించారు. ఇన్నయ్య నల్లటి ముసలి మనిషి. పడవను వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. మేకుల్లేవా అని అడిగాడు. కుట్టిందని చెప్పాను.

"కుట్టిన పడవంట. కుట్లు ఊడితే ఈదుకుంటా రావాల" అన్నాడు, అందరికీ వినపడేట్టు. నవ్వినవాళ్లు నవ్వారు.

వేణుమాధవ్ చెప్పులు విప్పి ఎక్కబోయాడు. తండ్రి ఆపాడు.

"నువ్వెందుకురా? కట్టినోళ్లెవరో వాళ్లు ఎక్కాల ముందు. రా మేస్త్రీ."

చాలా కాలానికి ఆ పిలుపు విన్నాను. నాకు ఈత రాదు. అయినా నేను ఆగింది అందుకు కాదు. ఫిర్దౌస్ వంక చూశాను. ఆమెకూ ఈత రాదు. కృష్ణను బస్సు కిటికీలో నుంచి తప్ప చూసిన మనిషి కాదు.

"మేస్త్రీ ఆమేనండీ" అన్నాను. "నేను చిత్రిక పట్టా."

శ్రీనివాసరావు గారు గొడుగు కొంచెం ఎత్తి ఆమెను చూశారు. అప్పటికే ఫిర్దౌస్ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది. ఇన్నయ్య చెయ్యి ఇచ్చాడు. పడవ ఆమె బరువుకు ఒకసారి ఊగి నిలబడింది. ఆమె రెండు చేతులా అంచులు పట్టుకుని, కళ్లు మాత్రం అతుకుల మీద పెట్టి కూర్చుంది. నీటి చుక్క వస్తుందేమోనని చూస్తోందని నాకు తెలుసు.

ఇన్నయ్య పది తెడ్లు వేశాడు. తర్వాత రెండు తెడ్లూ నీళ్లలోంచి పైకి ఎత్తి, ఒళ్లో పెట్టుకుని, చేతులు వదిలేశాడు. ఆయన పరీక్ష అది. వంకరున్న పడవైతే ఆ వేగానికి మూతి తిప్పుకుంటుంది.

తిప్పుకోలేదు. చెక్క మీద రంగు దారం సాగదీసి కొట్టినట్టు నీళ్ల మీద ఒకే గీత. పడవ పోతోంది, గీత దాని వెనకే పోతోంది. నేను ముప్పై ఆరేళ్లలో బిగించిన గుమ్మాల్లో అంత తిన్ననిది ఒక్కటి గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఒకటో రెండో ఉండి ఉంటాయి. ఒట్టేసి చెప్పలేను.

తిరిగి వచ్చాక ఇన్నయ్య దిగి, తువ్వాలు దులుపుకున్నాడు.

"మా వలలు గూడా ఆడోళ్లే అల్లేది. ఎప్పుడూ ఏ చేపా తప్పుబట్టలా" అన్నాడు. క్షమాపణ అంటే అదే అనుకుంటాను ఆ మనిషికి.

శ్రీనివాసరావు గారు నాతో మాట్లాడలేదు. ఫిర్దౌస్ దగ్గరికి పోయి, ఇంకో ఐదు పెట్టెలు తెప్పిస్తున్నానని, జూన్ మొదట్లో పని అందుకోవాలని అన్నారు. నేను సరేననబోయాను. ఫిర్దౌస్ తడిసిన కుచ్చిళ్లు పిండుకుంటూ ఆలోచించింది.

"జూన్‌లో కుదరదయ్యా" అంది. "బళ్లు తెరుస్తన్నారు. యూనిఫారాలున్నయి. జులైలో అయితే చూస్తా."

నేను ఆమె వెనక నిలబడి చేతులు పిసుక్కున్నాను. ఇంత దూరం వచ్చిన పని ఇట్లా జారవిడుస్తుందా అని నోటిదాకా వచ్చింది. ఎందుకో మింగేశాను. శ్రీనివాసరావు గారు నవ్వారు.

"బట్టల కొట్టోణ్ణమ్మా నేను. జూన్‌లో కుట్టేవాళ్లకు తీరిక ఉండదని నాకు నువ్వు చెప్పాల్నా? జులై అంటే జులై."

ఇంటికి వచ్చే దారిలో, ట్రాలీ ఆటో వెనక కూర్చుని, సెక్రటరీకి ఫోన్ చేశాను. రావడం లేదని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. ఒకటో తేదీ ఐదు రోజుల్లోకి వచ్చాక ఇట్లా చెబితే ఎట్లా, గది ఇస్తున్నాం, కరెంటు ఇస్తున్నాం, ఇంకేం కావాలి మీకు అని అడిగాడు.

"మా ఆవిడకు తీరిక లేదండీ" అన్నాను.

ఫిర్దౌస్ నా పక్కనే కూర్చుని ఉంది. గాలికి ఎగురుతున్న చెంగును పళ్లతో పట్టుకుని రోడ్డు వంక చూస్తోంది. విన్నదో లేదో నేను అడగలేదు.

జులైలో వానలు పడ్డాక పెట్టెలు దిగాయి. రెండో పడవ కుట్లు నా చేత వేయిస్తానంది. మొదటి రోజు దగ్గర కూర్చుని చూపించింది. రెండో రోజు లోపల మిషన్ మీద కూర్చుంది. నేను వసారాలో ఒక్కణ్నే, మధ్య నుంచి మొదలుపెట్టి, ఇటొకటి అటొకటి వేసుకుంటూ పోతున్నాను. బాగానే వస్తోంది. ఇంత బాగా వస్తుంటే ఒక్క మెలి ఎక్కువ వేస్తే పోయేదేముందని, ఒక తీగ దగ్గర పటకారు గట్టిగా తిప్పాను.

మిషన్ ఆగింది.

"బిగిస్తన్నావా?" అని లోపల నుంచి అడిగింది. తల కూడా బయటికి పెట్టలేదు.

"లేదే" అన్నాను.

మిషన్ నడవలేదు. నేను ఆ తీగను ఒక మెలి వదులు చేశాను. అప్పుడు నడిచింది.